టిక్కెట్టుకు ముందు, టిక్కెట్టు తర్వాత: సినిమా ట్రైలర్, తొలి ఘట్టం

1960లో విడుదలైన ‘సైకో’ కోసం ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రేక్షకులను రెండు వేర్వేరు చోట్ల పలకరించాడు. మొదటిది ట్రైలర్. ఆరు నిమిషాలకు పైగా సాగే ఆ ట్రైలర్‌లో ఆయనే కెమెరా ముందుకు వచ్చి బేట్స్ మోటెల్‌నూ, దాని వెనకున్న పాత ఇంటినీ, అద్దెకు ఇల్లు చూపించే మధ్యవర్తిలా గది గదీ తిప్పి చూపిస్తాడు. ఈ మెట్ల దగ్గర ఒక ఘోరం జరిగిందంటాడు, ఆ మాట పూర్తి చేయకుండానే మరో గదికి దారితీస్తాడు. చివరికి స్నానాలగదిలో తెరను పక్కకు లాగగానే ఒక స్త్రీ కెవ్వున అరుస్తుంది. సినిమాలో ఆ గదిలో చనిపోయేది జానెట్ లీ. ట్రైలర్‌లో అరిచింది మాత్రం విగ్గు పెట్టుకున్న వీరా మైల్స్. ఆ షాట్ సినిమాలో లేనే లేదు.

రెండో పలకరింపు హాల్లో దీపాలు ఆరాక. సాల్ బాస్ రూపొందించిన గీతలు తెరను అడ్డంగా, నిలువుగా కోసుకుంటూ పోతుంటాయి. బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లు వాటిని తరుముతుంటాయి. పేర్లన్నీ పడ్డాక ఒక్కసారిగా అంతా నెమ్మదిస్తుంది. అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరం, శుక్రవారం, డిసెంబరు 11, మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలు అని తెర మీద అక్షరాలు కనిపిస్తాయి. కెమెరా ఊరంతా పరికించి ఒక కిటికీని ఎంచుకుని, కొద్దిగా తెరిచి ఉన్న సందులోంచి హోటల్ గదిలోకి దూరుతుంది. లోపల భోజన విరామంలో ప్రియుణ్ణి కలుసుకోవడానికి వచ్చిన ఒక ఆఫీసు ఉద్యోగిని ఉంటుంది. డబ్బు లేక పెళ్లి వాయిదా పడుతున్న దిగులు వాళ్లిద్దరిదీ. మోటెల్ లేదు, హత్య ఊసు లేదు.

ఒకే సినిమాను ఒకే దర్శకుడు రెండు విధాలుగా మొదలుపెట్టాడు. వీటి మధ్య తేడా అంతా వింటున్నది ఎవరన్న దగ్గరే ఉంది. ట్రైలర్ ఇంకా టిక్కెట్టు కొనని మనిషితో మాట్లాడుతుంది. ఏ క్షణమైనా ముఖం తిప్పుకుని వెళ్లిపోగల మనిషి అతను. తొలి ఘట్టం టిక్కెట్టు కొని, కుర్చీలో కూర్చుని, రెండు మూడు గంటలు ఇవ్వడానికి ఒప్పుకున్న మనిషితో మాట్లాడుతుంది. ఈ రెండింటిలో కాలం నడిచే తీరు, శబ్దం వాడే పద్ధతి, నిజం చెప్పే మోతాదు, చివరికి చట్టం చూసే చూపు కూడా ఈ తేడాను బట్టే మారుతూ వచ్చాయి.

ట్రైలర్ పుట్టుక

అమెరికాలో మార్కస్ లో అనే థియేటర్ల యజమాని దగ్గర ప్రచార వ్యవహారాలు చూసే నిల్స్ గ్రాన్‌లండ్ 1913లో ఒక చిన్న ప్రచార చిత్రం తయారుచేయించాడు. ‘ద ప్లెజర్ సీకర్స్’ అనే బ్రాడ్వే సంగీత నాటకం రిహార్సల్స్ అందులో కనిపిస్తాయి. చరిత్రకారులు తొలి ట్రైలర్‌గా చూపించే ఈ చిత్రం ప్రచారం చేసింది నాటకానికి కావడం విశేషం. అదే ఏడాది చివర్లో సెలిగ్ సంస్థ ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ కాథ్లిన్’ అనే ధారావాహిక చిత్రాన్ని మొదలుపెట్టింది. ప్రతి భాగాన్నీ నాయికను ఆపదలో వదిలేసి ముగించి, వచ్చే వారం మళ్లీ రమ్మనేవారు. మొదట్లో ఈ ప్రకటనలన్నీ సినిమా అయిపోయాకే వచ్చేవి, వెనక వచ్చేది అన్న అర్థంలో ట్రైలర్ అన్న పేరు అందుకే వచ్చింది. సినిమా అయిపోగానే జనం లేచిపోతున్నారని గమనించిన థియేటర్లు తర్వాత వాటిని ముందుకు జరిపాయి.

1919లో మొదలైన నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే సంస్థ పెద్ద స్టూడియోల ట్రైలర్లను ఒకేచోట తయారుచేసి థియేటర్లకు పంపే పనిని దశాబ్దాలపాటు దాదాపు గుత్తకు తీసుకుంది. ఆ కాలపు ట్రైలర్లు చాలావరకు ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. తెర మీదికి ఎగిరొచ్చే పెద్ద పెద్ద అక్షరాలు, తారల పేర్లు, గంభీరమైన గొంతుతో వ్యాఖ్యానం, రెండు ముద్దులు, ఒక పోట్లాట. ఈ అచ్చును పగలగొట్టినవాళ్లు చాలాసార్లు దర్శకులే. 1941 నాటి ‘సిటిజన్ కేన్’ ట్రైలర్‌లో ఆర్సన్ వెల్స్ తన ముఖం చూపించకుండా గొంతు మాత్రమే వినిపిస్తూ, నటీనటుల్ని ఒక్కొక్కరినీ పరిచయం చేశాడు. కథలోని ఘట్టాల జోలికి దాదాపు పోనేలేదు.

1960ల తర్వాత ట్రైలర్లు మాత్రమే కట్ చేసే ప్రత్యేక సంస్థలు వచ్చాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. సినిమా ఎడిటరు, ట్రైలర్ ఎడిటరు ఒకరే కానక్కర్లేదు. హాలీవుడ్‌లో దాదాపుగా కారు. సినిమా ఇంకా ఎడిటింగ్ బల్ల మీద ఉండగానే, గ్రాఫిక్స్ పూర్తికాకముందే, నేపథ్య సంగీతం రాకముందే ట్రైలర్ తయారైపోతుంది. సినిమాలో లేని షాట్లు ట్రైలర్‌లో కనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం. కొన్నిసార్లు కావాలనే చేస్తారు. 2018లో వచ్చిన ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ ట్రైలర్‌లో వకాండా యుద్ధంలోకి హల్క్ పరుగెత్తుకొస్తాడు. సినిమాలో ఆ యుద్ధంలో హల్క్ కనిపించడు.

సంగీతం సంగతీ అంతే. 2002 నాటి ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్: ద టూ టవర్స్’ ట్రైలర్‌లో వినిపించింది ‘రిక్వియమ్ ఫర్ ఎ డ్రీమ్’ అనే వేరే సినిమా బాణీకి పెద్ద వాద్యబృందంతో చేసిన కొత్త రూపం. 2010లో ‘ఇన్సెప్షన్’ ట్రైలర్ చూసి అది హాన్స్ జిమ్మర్ సంగీతమే అనుకున్నవాళ్లు ఎందరో. మూడో ట్రైలర్‌లోని ఆ బాణీ జాక్ హెమ్సీది. ట్రైలర్‌కు సంగీతం ఒక వెన్నెముక. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ముక్కలన్నీ దాని తాళానికి అతుక్కుంటాయి. ఒక సన్నివేశంలో అడిగిన ప్రశ్నకు మరో సన్నివేశంలోని మాట జవాబుగా వస్తుంది. ఎవరో ఎవరినో చూస్తారు, నిజానికి ఆ ఇద్దరూ సినిమాలో ఎదురుపడరు. ఇది మోసంలా కనిపించవచ్చు. కానీ గంటల కొద్దీ ఉన్న దృశ్యాల నుంచి రెండు నిమిషాల అనుభూతిని పిండి తీయడానికి వేరే దారి లేదు.

తొలి ఘట్టం చేసే పని

తొలి ఘట్టానికి ఈ స్వేచ్ఛ లేదు, ఈ తొందరా లేదు. అది ఉన్నచోటే ఉండాలి. ఇప్పుడు చూపించినది పది నిమిషాల తర్వాత వచ్చే దానికి కారణం కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ సినిమాను ఎలా చూడాలో ప్రేక్షకుడికి అది నేర్పాలి. ఎంత వేగంగా నడుస్తుంది, ఎంత చెబుతుంది, ఎంత దాస్తుంది, ఇక్కడ నవ్వొచ్చా, ఇక్కడ మనుషులు ఎగరగలరా, ఇవన్నీ మొదటి కొన్ని నిమిషాల్లోనే తేలిపోవాలి.

సెర్జియో లియోనె 1968లో తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ మొదట్లో ముగ్గురు మనుషులు ఒక రైల్వే స్టేషన్‌లో బండి కోసం ఎదురుచూస్తారు. గాలిమర కిర్రుమంటుంది, టోపీ మీద నీటి బొట్లు పడతాయి, ఒక ఈగ గడ్డం మీద తిరుగుతుంది. పది నిమిషాలకు పైగా ఇంతే. సంగీతం ఊసే లేదు, పేర్లు ఒక్కొక్కటే తీరిగ్గా పడుతుంటాయి. ఈ పది నిమిషాలు భరించినవాడికి మిగతా సినిమా నడక అలవాటైపోతుంది. ఇదే ఘట్టాన్ని ట్రైలర్‌లో ఇలా పెడితే హాల్లో ఒక్కరూ మిగలరు.

పేర్లు పడే భాగాన్ని ఒక కళగా మార్చిన వ్యక్తి సాల్ బాస్. అంతకుముందు అమెరికా థియేటర్లలో పేర్లు పడుతున్నంతసేపూ తెర ముందున్న పరదా పూర్తిగా తీసేవాళ్లు కాదు. 1955లో ఒట్టో ప్రెమింజర్ తీసిన ‘ద మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్’ కోసం బాస్ నల్లని తెర మీద తెల్లని పట్టీలను కదిలించి, చివరికి వంకర తిరిగిన చేతి ఆకారాన్ని నిలిపాడు. మత్తుమందుకు బానిసైన మనిషి కథ అది. రీళ్ల డబ్బాల మీద, పేర్లు మొదలవకముందే పరదా తీయమని ఆపరేటర్లకు సూచన రాసి పంపారు. పేర్లు కూడా సినిమాలో భాగమేనని అడిగి మరీ ఒప్పించిన సందర్భం అది. అక్కడి నుంచి ‘వర్టిగో’, ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’, తర్వాత భార్య ఇలేన్‌తో కలిసి మార్టిన్ స్కోర్సేసీకి చేసిన ‘కేప్ ఫియర్’, ‘క్యాసినో’ దాకా ఆయన టైటిల్స్ ఒక పాఠశాల.

పేర్లు తొలి ఘట్టానికి అడ్డుపడ్డ ఉదాహరణ కూడా ఉంది. 1958లో ఆర్సన్ వెల్స్ ‘టచ్ ఆఫ్ ఈవిల్’ను మూడు నిమిషాలకు పైగా నడిచే ఒకే ఒక్క షాట్‌తో మొదలుపెట్టాడు. ఎవరో కారులో బాంబు పెడతారు, ఆ కారు మెక్సికో, అమెరికా సరిహద్దు వైపు జనం మధ్య నుంచి నెమ్మదిగా కదులుతుంది. అది ఎప్పుడు పేలుతుందో తెలియదు. స్టూడియో ఆ షాట్ మీద పేర్లు వేసి, హెన్రీ మాన్సినీ సంగీతం పరిచింది. తన సినిమాను మార్చిన తీరు చూసి వెల్స్ 58 పేజీల లేఖ రాశాడు. 1998లో ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఆ లేఖను అనుసరించి సినిమాను మళ్లీ కూర్చినప్పుడు పేర్లు, ఆ సంగీతం రెండూ తీసేశాడు. వీధిలోని బార్ల నుంచి, కార్ల రేడియోల నుంచి వచ్చే పాటలు ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తూ పోతాయి. రెండు రూపాలనూ చూసినవాళ్లకు తెలుస్తుంది: బొమ్మ ఒక్కటే అయినా చూసే కన్ను మారిపోతుంది. పేర్లు చదువుతున్న కన్ను కారును మర్చిపోతుంది.

పేర్లు ఎక్కడ పడాలన్నది కేవలం కళకు సంబంధించిన ప్రశ్న కాదు, ఒప్పందాలకు సంబంధించినది కూడా. జార్జ్ లూకాస్ తన ‘స్టార్ వార్స్’ సినిమాలను పేర్లతో ఆలస్యం చేయకుండా, అంతరిక్షంలోకి పాకిపోయే అక్షరాలతో నేరుగా కథలోకి దింపాడు. 1980లో ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ వచ్చినప్పుడు దర్శకుడు అర్విన్ కెర్ష్నర్ పేరు మొదట్లో పడలేదని దర్శకుల సంఘం అభ్యంతరం చెప్పింది. లూకాస్ జరిమానా కట్టి సంఘం నుంచి బయటికి వచ్చేశాడు, పేర్లను మాత్రం ముందుకు తేలేదు.

ఒకే చేయి, రెండు నడకలు

ట్రైలర్‌నూ టైటిల్స్‌నూ ఒకే మనిషి చేస్తే ఎలా ఉంటుంది? క్యూబాలో పుట్టిన పాబ్లో ఫెర్రో దీనికి మంచి జవాబు. స్టాన్లీ కుబ్రిక్ 1964 నాటి ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’ కోసం ఆయనతో రెండు పనులూ చేయించాడు. ట్రైలర్‌లో ఒక్కో మాట తెర మీద ఒక్కో రెప్పపాటు నిలుస్తుంది, వాటి మధ్య సినిమాలోని ముఖాలు మెరిసి మాయమవుతాయి. ఆ వేగం ఆనాటి థియేటర్లకు కొత్త. టైటిల్స్ దీనికి పూర్తిగా ఎదురు. ఆకాశంలో ఒక బి-52 బాంబర్‌కు మరో విమానం ఇంధనం నింపుతుంటుంది, వెనక మెత్తని ప్రేమగీతపు బాణీ సాగుతుంటుంది, తెరంతా సన్నగా సాగదీసిన చేతిరాత. అణుయుద్ధం మీద తీసిన సినిమా ఒక లాలిపాటలా మొదలవుతుంది. రాసేటప్పుడు ‘ఆధారంగా’ అనే అర్థమున్న ఇంగ్లిష్ మాటలో ఒక అక్షరం జారిపోయింది, అది నేటికీ తెర మీద అలాగే ఉంది. బయట నిలబడ్డవాణ్ణి ఆపడానికి వేగం, లోపల కూర్చున్నవాణ్ణి కలవరపెట్టడానికి నెమ్మది అవసరమని ఫెర్రోకు తెలుసు.

డేవిడ్ ఫించర్ 2010లో తీసిన ‘ద సోషల్ నెట్‌వర్క్’ ఈ తేడాకు మరింత దగ్గరి ఉదాహరణ. దాని ట్రైలర్‌లో మొదట చాలాసేపు సినిమానే కనిపించదు. ఫేస్‌బుక్ పేజీలు, అపరిచితుల ఫొటోలు, స్నేహం కోరే బటన్లు, వెనక బెల్జియం అమ్మాయిల బృందగానం. ఒంటరితనం గురించిన సినిమా ఇది అని ఆ నిమిషంలోనే మనసుకు తడుతుంది. సినిమా తెరిచి చూస్తే ఒక బారులో, ఒక బల్లకు రెండు వైపులా ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఐదు నిమిషాలపాటు మాట మీద మాట. చుట్టూ గోల ఎంత గట్టిగా ఉంటుందంటే ప్రేక్షకుడు చెవి ఒగ్గి వినాల్సిందే. ఆ అమ్మాయి లేచి వెళ్లిపోతుంది. ఆ ఘట్టాన్ని 99 టేకుల దాకా తీశారు. ట్రైలర్ పాటతో చెప్పిన ఒంటరితనాన్నే సినిమా గుక్క తిప్పుకోని మాటలతో చెబుతుంది. అందరూ ట్రైలర్‌ను అబద్ధమనో అమ్మకమనో తీసిపారేస్తుంటారు. ఈ ట్రైలర్ మాత్రం సినిమాకు రాసిన మంచి విమర్శలా నిలబడుతుంది.

పిక్సార్ వారి ‘అప్’ (2009) ట్రైలర్ బెలూన్లతో ఎగిరే ఇల్లు, ముసలాయన, చిన్నపిల్లవాడు, నవ్వులు చూపించింది. సినిమా మొదలైన కాసేపటికే మాటలు లేని నాలుగైదు నిమిషాల్లో ఒక జంట పెళ్లి, బిడ్డ కలగని దుఃఖం, వృద్ధాప్యం, భార్య మరణం అన్నీ గడిచిపోతాయి. పిల్లల్ని తీసుకెళ్లిన తల్లిదండ్రులే ముందు కళ్లు తుడుచుకున్నారు. ఈ దుఃఖాన్ని ట్రైలర్‌లో పెట్టకపోవడం సరైన నిర్ణయమే. ఆ నిమిషాల్ని ముక్కలుగా ముందే చూసి ఉంటే వాటి బలం సగం పోయేది.

ఎంత చెప్పాలి

కథ ఎంత బయటపెట్టాలన్న విషయంలో అందరి ఆలోచనా ఒకటి కాదు. 2000లో వచ్చిన ‘కాస్ట్ అవే’ ట్రైలర్ చూస్తే ద్వీపంలో చిక్కుకున్న కథానాయకుడు తిరిగి ఇంటికి చేరతాడని తెలిసిపోతుంది. దర్శకుడు రాబర్ట్ జెమెకిస్ దాన్ని సమర్థించుకున్నాడు. ఏం చూడబోతున్నామో ముందే తెలుసుకోవాలని జనం కోరుకుంటారన్నది ఆయన వాదన. హిచ్‌కాక్ దీనికి పూర్తిగా వేరే వైపు. సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వకూడదని ‘సైకో’ విషయంలో థియేటర్లకు షరతు పెట్టించాడు. సినిమా మధ్యలో వచ్చి కూర్చోవడం అలవాటైన ఆనాటి అమెరికాలో అది పెద్ద మార్పు. సినిమాను మొదటి నుంచీ చూడాల్సిందేనని అంత గట్టిగా పట్టుబట్టాడు.

మన దగ్గర ఎస్.ఎస్. రాజమౌళి జెమెకిస్ దారిలోనే నడిచాడు, అదీ మరింత ధైర్యంగా. ‘ఈగ’ (2012) మొదలుపెట్టినప్పుడే, హత్యకు గురైన కథానాయకుడు ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడని బహిరంగంగా చెప్పేశాడు. ట్రైలర్లూ దాచలేదు. ప్రేక్షకుడు దేని గురించి ఆసక్తి పడాలో ముందే దర్శకుడే నిర్ణయించాడు. ‘ఏమవుతుంది’ అన్న ప్రశ్నను పక్కకు తోసి, ‘ఈగ ఎలా చేస్తుంది’ అన్నదాన్ని నిలబెట్టాడు. సినిమాలో పేర్లు పడుతున్నప్పుడు కూడా నిద్రపోని కూతురు కథ చెప్పమంటే తండ్రి ఈగ కథ మొదలుపెట్టడం వినిపిస్తుంది. ఆ రెండు గొంతులతో ఆయన ప్రేక్షకుణ్ణి మంచం పక్కన కథ వినే పిల్లల వరుసలో కూర్చోబెట్టాడు. ఇక తర్వాత ఈగ వ్యాయామం చేసినా, సూది పట్టుకున్నా ఎవరూ తర్కం అడగలేదు. తొలి ఘట్టం ఎంత పని చేయగలదో చెప్పడానికి తెలుగులో ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

తెలుగు నేల మీద

ట్రైలర్ చేసే పనిని తెలుగు నాట చాలాకాలం కాగితం, మైకు, రేడియో చేశాయి. హాలు బయట అమ్మే పాటల పుస్తకంలో కథాసంగ్రహం ఉండేది. నాయకుడు ఆపదలో పడ్డచోట ఆగి, ‘మిగతా కథ వెండితెరపై చూడండి’ అనేది. బండికి కట్టిన మైకులో సినిమా పేరు, తారల పేర్లు, రోజుకు ఎన్ని ఆటలో ఊరంతా వినిపించేవి. వివిధ భారతి వాణిజ్య ప్రసారాల్లో పావుగంట కార్యక్రమాలు వచ్చేవి, నాలుగు సంభాషణలు, రెండు పాటల పల్లవులు, ఒక వ్యాఖ్యాత గొంతు. బొమ్మ కనిపించకపోయినా ట్రైలర్ వ్యాకరణం అంతా వాటిలో ఉంది. టీవీ చానళ్లు, ఆ తర్వాత యూట్యూబ్ వచ్చాక ఆ పని తెరకెక్కింది. ఇప్పుడు ఫస్ట్ లుక్, గ్లింప్స్, టీజర్, ట్రైలర్, విడుదలకు రెండు రోజుల ముందు రిలీజ్ ట్రైలర్ అని వరుస పెట్టి వస్తున్నాయి. హీరో పుట్టినరోజుకు ఒకటి, పండక్కి ఒకటి. ‘ట్రైలర్ కట్ అదిరింది’ అన్న మాట ఇవాళ సినిమా బాగుందన్న మాటతో సమానంగా వినిపిస్తోంది. ‘పుష్ప 2’ ట్రైలర్‌ను 2024 నవంబరు 17న పట్నాలోని గాంధీ మైదానంలో భారీ జనసందోహం ముందు విడుదల చేయడం చూస్తే, ట్రైలర్ విడుదలే ఒక సభగా మారిందని తెలుస్తుంది.

మన థియేటర్లో సినిమా మొదలయ్యే తీరు మాత్రం దర్శకుడి చేతిలో పూర్తిగా ఉండదు. ముందు సెన్సార్ సర్టిఫికెట్ కొన్ని సెకన్లపాటు కనిపించాలి. 2012 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, తెర మీద పొగతాగడం ఉంటే మొదట్లోనూ మధ్యలోనూ 30 సెకన్ల హెచ్చరిక చిత్రాలు వేయాలి. జంతువులకు హాని జరగలేదన్న ప్రకటన, కథ కల్పితమన్న మాట, కృతజ్ఞతల జాబితా, నిర్మాణ సంస్థల గుర్తులు. ఇవన్నీ అయ్యాకే దర్శకుడి మొదటి షాట్. ఇన్నింటి తర్వాత చెదిరిన చూపును మళ్లీ ఒకచోటికి తేవడం తెలుగు దర్శకుడికి అదనపు బరువు. బహుశా అందుకే మన తొలి ఘట్టాలు ఒక పెద్ద గొంతుతోనో, ఒక పెద్ద దృశ్యంతోనో మొదలవుతాయి. ‘జల్సా’ (2008) సంగతే చూడండి. పవన్ కల్యాణ్ సినిమాకు త్రివిక్రమ్ శ్రీనివాస్ మహేశ్‌బాబు చేత వ్యాఖ్యానం చెప్పించాడు. ట్రైలర్‌కు నప్పే ఆకర్షణను సినిమా లోపలే వాడుకున్నాడు.

‘బాహుబలి: ద బిగినింగ్’ (2015) తొలి ఘట్టం నుంచి ఒక బొమ్మ ముందే బయటికి వచ్చింది. నీటిలో మునిగిపోతున్న శివగామి ఒంటిచేత్తో పసిబిడ్డను పైకెత్తి పట్టుకున్న దృశ్యం పోస్టరుగా ఊరూరా కనిపించింది. ఆ చేయి ఎవరిదో, ఆ బిడ్డ ఎవరో పోస్టరు చూసినవాళ్లకు తెలియదు. సినిమా మొదట్లో ఆ దృశ్యం వచ్చినప్పుడు హాలుకు అది తెలిసిన బొమ్మే, కానీ అర్థం కొత్తది. రెండో భాగం ‘ద కన్‌క్లూజన్’ (2017) టైటిల్స్‌లో మరో పని జరిగింది. మొదటి భాగంలోని ముఖ్యమైన క్షణాలను కదలని శిల్పాల్లా మలచి, పాట నడుస్తుండగా కెమెరాను వాటి మధ్య తిప్పారు. రెండేళ్ల క్రితం చూసిన కథను గుర్తుచేస్తూనే ప్రేక్షకుణ్ణి ఆ లోకం లోపలికి తీసుకెళ్లారు. కథలోని మేటి క్షణాలను ఏరి పేర్చడం ట్రైలర్ లక్షణం. ఇక్కడ ఆ లక్షణం తొలి ఘట్టానికి పనికొచ్చింది.

‘ఆర్ఆర్ఆర్’ (2022) అయితే తొలి ఘట్టాన్నే సాగదీసి ఒక చిన్న సినిమాగా చేసింది. గోండు పల్లె నుంచి చిన్నారి మల్లిని తీసుకుపోవడం, రామ్ ఒంటరిగా వేలమంది జనంలోకి దూకి ఒక్కణ్ణి లాక్కురావడం, అడవిలో భీమ్‌కూ పులికీ పోరు, ఆపైన వంతెన కింద మంటల మధ్య పిల్లవాణ్ణి కాపాడటం. ఇవన్నీ అయ్యాక, సుమారు 40 నిమిషాలకు గానీ సినిమా పేరు తెర మీద పడదు. మూడు నిమిషాలకు పైగా ఉన్న ట్రైలర్‌లో ఇవే ఘట్టాలు రెండేసి సెకన్ల మెరుపులు. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. తొలి ఘట్టంలో రామ్ బ్రిటిష్ వాళ్ల నమ్మిన బంటు, ఎందుకు అలా ఉన్నాడో చెప్పే కథ చాలాసేపటి తర్వాత వస్తుంది. కానీ విల్లు పట్టిన అల్లూరి రూపంలో ఆ పాత్రను 2021 మార్చిలోనే పోస్టరులో చూపించేశారు. పోస్టరు చూసినవాడికి రామ్ మీద అనుమానం లేదు, సినిమా మొదటి అరగంట అనుమానించమంటుంది. ఈ రెండింటి మధ్య ఊగడమే ఆ సినిమాలో చాలామందికి దొరికిన ఆనందం. ప్రచారం తొలి ఘట్టాన్ని పాడుచేయలేదు, దానికి మరో పొర వేసింది.

చట్టం ముందు

ట్రైలర్ మాట ఇస్తే సినిమా నిలబెట్టుకోవాలా? ఈ ప్రశ్న మన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016లో వచ్చిన హిందీ చిత్రం ‘ఫ్యాన్’ ప్రచారంలో ఒక పాట మారుమోగింది, సినిమాలో మాత్రం ఆ పాట లేదు. పిల్లలతో సినిమాకు వెళ్లి నిరాశపడిన ఒక ప్రేక్షకురాలు వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించారు. కమిషన్ల స్థాయిలో ఆమెకు 10,000 రూపాయల పరిహారం, 5,000 ఖర్చులు ఇవ్వాలన్న ఉత్తర్వు వచ్చింది. 2024 ఏప్రిల్‌లో జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ అరవింద్ కుమార్ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ప్రచార ట్రైలర్ ఏకపక్షమైనదనీ, టిక్కెట్టు కొనమని ప్రోత్సహించడమే తప్ప ఒప్పందానికి ప్రతిపాదన కాదనీ తేల్చింది. అమెరికాలో దీనికి కాస్త దూరంగా మరో ఆలోచన నడిచింది. ‘యెస్టర్‌డే’ (2019) ట్రైలర్‌లో కనిపించిన నటి ఆనా డి ఆర్మాస్ సినిమాలో లేదని ఇద్దరు ప్రేక్షకులు 2022లో దావా వేశారు. ట్రైలర్ కూడా కళాసృష్టేనని స్టూడియో వాదించింది. దాన్ని వాణిజ్య ప్రకటనగానే చూడాలని ఆ ఏడాది డిసెంబరులో న్యాయమూర్తి అన్నారు. తొలి ఘట్టం విషయంలో ఇలాంటి దావా ఊహించడమే కష్టం. అది సినిమాలో భాగం, దానికి అబద్ధమాడే వీలు కూడా కథ హక్కుగానే దొరుకుతుంది.

మన దేశంలో థియేటర్లో వేసే ట్రైలర్‌కు సినిమాతో సంబంధం లేకుండా విడిగా సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. అమెరికాలో తగిన ప్రేక్షకులకు చూపదగ్గ ట్రైలర్లకు ఆకుపచ్చ పట్టీ, పెద్దలకు మాత్రమేనన్న వాటికి ఎర్ర పట్టీ ముందు వస్తాయి. అక్కడ ట్రైలర్ నిడివికి రెండున్నర నిమిషాల హద్దు ఉండగా, 2014లో థియేటర్ యజమానుల సంఘం దాన్ని రెండు నిమిషాలకు తగ్గించమని కోరింది.

తెర చిన్నదయ్యాక

ఫోన్ తెర ఈ రెండింటినీ మార్చింది. యూట్యూబ్‌లో ప్రకటనగా వచ్చే ట్రైలర్‌ను ఐదు సెకన్లలో దాటేయవచ్చు. దాంతో 2016లో ‘జేసన్ బోర్న్’ ట్రైలర్ మొదట్లోనే ఐదు సెకన్ల మినీ ట్రైలర్ పెట్టారు. ట్రైలర్‌కే ఒక ట్రైలర్ అన్నమాట. తర్వాత అది అందరికీ అలవాటైంది. 2017లో నెట్‌ఫ్లిక్స్ సీరియళ్లకు పేర్లు దాటేసే బటన్ తెచ్చింది. పరదా తీసి పేర్లు చూపించమని సాల్ బాస్ కాలంలో అడగాల్సి వస్తే, ఇప్పుడు పరదాను ప్రేక్షకుడే ఒక్క వేలితో వేస్తున్నాడు. ఓటీటీలో వచ్చే సినిమాలు, సీరియళ్లు మొదటి రెండు మూడు నిమిషాల్లోనే ఒక హత్యో, ఒక తరుముడో పెట్టి, ఆ తర్వాత ‘మూడు నెలల క్రితం’ అని వెనక్కి పోవడం ఎక్కువైంది. కుర్చీలో కూర్చున్నవాడు కూడా ఎప్పుడైనా లేచిపోవచ్చని తెలిశాక, తొలి ఘట్టం బయటివాడితో మాట్లాడే గొంతును అరువు తెచ్చుకుంటోంది. ఇందులో నష్టం ఉంది. లియోనె రైల్వే స్టేషన్‌లా ప్రేక్షకుడి ఓపికను పెంచే ఆరంభాలు ఇలాంటిచోట పుట్టడం కష్టం.

తెలుగు రాష్ట్రాల్లో పాత సినిమాల రీ-రిలీజులు మరో మలుపు చూపిస్తున్నాయి. 2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ (2006), సెప్టెంబరులో పవన్ కల్యాణ్ పుట్టినరోజుకు ‘జల్సా’ 4కే రూపంలో మళ్లీ తెరకెక్కాయి. అప్పటినుంచి ఇలాంటి ప్రదర్శనలకు ఇవాళ్టి వేగంతో కొత్త ట్రైలర్లు కట్ చేస్తున్నారు. ఆ ట్రైలర్ చూసేవాళ్లకు కథంతా కంఠతా వచ్చు. అందులో దాచాల్సింది, ఊరించాల్సింది ఏమీ లేదు. తెలిసిన డైలాగులను పేర్చి తేదీ చెబితే చాలు. సినిమాలో మాత్రం అదే పాత తొలి ఘట్టం, అవే పేర్లు, అదే వరుస. హీరో పేరు తెర మీద పడగానే కాగితాలు ఎగురుతాయి, ఈలలు మోగుతాయి. మొదటి విడుదలకు ఇంకా పుట్టని కుర్రాళ్లు కూడా ఆ కేకల్లో ఉంటున్నారు.